వర్క్‌షాపుకు రాని అడాప్టర్

2008 ఫిబ్రవరిలో నన్ను నిజామాబాద్ సర్వీస్ సెంటర్ నుంచి ఆర్మూర్ ఏరియాకు ఫీల్డ్ ఇంజనీర్‌గా వేశారు. హోదా అదే, జీతం అదే, తిరుగుడు మాత్రం పెరిగింది. ఉదయం బస్సెక్కి ఆర్మూర్ నుంచి పోచంపాడ్ దాకా కంప్యూటర్ కంప్లయింట్లు చూసుకోవాలి. అక్కడ తేలనివాటిని సాయంత్రం నిజామాబాద్ వర్క్‌షాపుకు మోసుకురావాలి.

అది మార్కెట్ యార్డుకు పసుపు దిగే కాలం. కొమ్ములకు పాలిష్ పట్టే డ్రమ్ములు తిరిగినంతసేపూ గాలి నిండా ధూళి. కమీషన్ దుకాణాల్లో కీబోర్డులు, ప్రింటర్లు, చివరికి నా టిఫిన్ డబ్బా మూత కూడా పచ్చబడేది. చాలా మెషిన్లు మూత విప్పి బ్లోయర్ కొడితే బాగయ్యేవి. దాంతో నాకు పొగరు పట్టింది. కస్టమర్ తన బాధ సగం చెప్పకముందే ‘పసుపు దుమ్ము’ అని తీర్పు ఇచ్చేసేవాణ్ణి.

మార్చి మొదట్లో గంగాధర్ అనే ముప్పై ఏళ్ల మనిషి కంప్లయింట్ ఇచ్చాడు. ఊరు మెండోర. దుబాయ్‌లో ఒక ఫొటో స్టూడియోలో పనిచేస్తూ రెండు నెలల లీవు మీద వచ్చాడు. యార్డుకు దగ్గరలో మేడ మీద గది తీసుకుని, భార్య సరితతో కలిసి పెళ్లి వీడియోల మిక్సింగ్ మొదలుపెట్టాడు. క్యాసెట్లలోని పెళ్లిని కంప్యూటర్‌లోకి ఎక్కించి, కత్తిరించి, పాటలు కలిపి సీడీ చేసే పనిని మిక్సింగ్ అంటారు. ఈ సీజన్‌లో పని కుదిరితే దుబాయ్‌కి తిరిగి వెళ్లకూడదని వాళ్ల ఆలోచన. ఆ సంగతి మొదటి రోజే, చాయ్ ఇస్తూ, సరిత నాతో చెప్పింది.

మెషిన్ మామూలుది కాదు. గేములు ఆడేవాళ్ల కోసం చేసిన ల్యాప్‌టాప్. వీడియో పనికి దీన్ని మించింది లేదని దుబాయ్ దుకాణంవాడు చెబితే కొన్నాడట. వాడు చెప్పింది అబద్ధం కాదు. అప్పట్లో మా సెంటర్‌లో కూడా అంత బలమైన ల్యాప్‌టాప్ లేదు.

“షురువుల మస్తు ఉరుకుతది సార్. నలభై నిమిషాలైనంక ఎడ్లబండి లెక్క అయితది. బంద్ జేసి రెండు గంటలాగి పెడితే మళ్ల ఉరుకుతది” అన్నాడు గంగాధర్.

వేడెక్కిన ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. చల్లారితే మళ్లీ అందుకుంటుంది. లక్షణం అచ్చం అలాగే ఉంది, కిటికీ బయట పసుపు డ్రమ్ము తిరుగుతోంది. ఇంకేం కావాలి? మెషిన్‌ను వర్క్‌షాపుకు తెచ్చాను. విప్పితే ఫ్యాన్ మీద పల్చటి పచ్చని పొర కనిపించింది. చూశావా అనుకున్నాను. దుమ్ము దులిపి, ప్రాసెసర్‌కూ దాని పైనున్న లోహపు పలకకూ మధ్య వేడిని దాటించే పేస్టు కొత్తగా రాసి, బెంచి మీద మూడు గంటలు వీడియో పని చేయించాను. ఒక్కసారి కూడా తగ్గలేదు. జాబ్ షీట్‌లో ‘బాగైంది’ అని రాసి తిరిగి ఇచ్చాను.

ఇక్కడ మా సెంటర్ అలవాటు ఒకటి చెప్పాలి. వర్క్‌షాపులో ఒకరి అడాప్టర్ ఒకరికి మారిపోయి గొడవలయ్యేవి. అందుకని అడాప్టర్‌ను కస్టమర్ దగ్గరే ఉంచి, మెషిన్ ఒక్కటే తెచ్చేవాళ్లం. బెంచి మీద మా పెద్ద అడాప్టర్‌తో నడిపేవాళ్లం.

నాలుగో రోజే గంగాధర్ ఫోన్ చేశాడు, మళ్లీ అదే కథ. ఈసారి ఫ్యానే మార్చాను. బెంచి మీద మళ్లీ గుర్రంలా పరుగెత్తింది. తప్పు మెషిన్‌లో లేదు, గదిలో ఉందని తేల్చి, కిటికీలు మూసుకోమన్నాను. ఇక వేగం తగ్గదని మాట కూడా ఇచ్చాను. సరిత పాత చీర మడతలు పెట్టి కిటికీలకు బిగించి కట్టింది. మార్చి ఎండలో ఆ మూసిన గదిలో ఇద్దరూ నా మాట నమ్మి కూర్చున్నారు.

మూడు వారాల తర్వాత గంగాధర్ చేసిన ఫోన్‌లో కంప్లయింట్ లేదు. మెషిన్ అలాగే నిదానిస్తుంటే, రెండు పెళ్లిళ్లవాళ్లు ఆగలేక క్యాసెట్లు వెనక్కి తీసుకుపోయారట. గురువారం తన ప్రయాణమని, ల్యాప్‌టాప్ సరితకు చిన్న పనులకైనా ఉంటుంది కాబట్టి వెళ్లేలోపు ఒకసారి చూడమని అన్నాడు.

మంగళవారం వెళ్లాను. గంగాధర్ సూట్‌కేసు సర్దుతున్నాడు. బట్టల మధ్య ఇటుకంత నల్లటి పెట్టె ఒకటి పెట్టాడు. ఏమిటది అని అడిగాను.

“గీ ల్యాప్‌టాప్ అసలు వైరు సార్. దుబాయ్ పిన్నులు, మన బోర్డుల వట్టవు. ఈడ దుకాణంల ఇంకోటి కొన్న. గిది ఆడ ఎవనికన్న పనికొస్తదని తీస్కవోతున్న.”

రెండు అడాప్టర్లనూ పక్కపక్కన పెట్టి చూశాను. ల్యాప్‌టాప్‌లో గుచ్చే పిన్ను ఒకటే, వోల్టులూ ఒకటే. కానీ పాతది నూట యాభై వాట్లు, ఇక్కడ కొన్నది తొంభై. మెషిన్ పూర్తి బలంతో పనిచేసేటప్పుడు తొంభై చాలదు. మిగతాది బ్యాటరీ నుంచి లాక్కుంటుంది. బ్యాటరీ అడుగంటగానే వేగం ఒక్కసారిగా పడిపోతుంది. రెండు గంటలు ఆపితే నిండేది బ్యాటరీ. నేను చల్లారుతోందని అనుకున్నాను. మా బెంచి అడాప్టర్ పెద్దది కాబట్టి అక్కడ ఆ లోటు కనిపించనే లేదు.

సరితను వీడియో పని మొదలుపెట్టమన్నాను. వైరు గోడకే ఉంది, అయినా తెర మూలన బ్యాటరీ అంకె దిగిపోతోంది.

“గది రోజూ గట్లనే దిగుతది సార్. మీరు అడగలే” అంది సరిత.

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. నాకు ఏ రోగమూ లేకుండానే ఊరంతా పచ్చగా కనిపించింది. ఆ క్షణంలో నేను పడ్డ సిగ్గు ఇప్పటికీ గుర్తుంది.

బాగుచేయడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. పెట్టె నుంచి గోడకు వెళ్లే తీగ ఊడదీస్తే వచ్చేదే. మానిటర్లకు వాడే మన పిన్నుల తీగ నా సంచిలోనే ఉంది. దాన్ని దుబాయ్ పెట్టెకు తగిలించాను. రెండున్నర గంటలు ఏకధాటిగా నడిచింది. అంకె కదలలేదు, వేగం తగ్గలేదు. కిటికీలకు కట్టిన చీర నేనే విప్పాను.

ఇక వేగం తగ్గదని, ప్రయాణం మానుకోమని గంగాధర్‌తో చెప్పాను.

అతను మిగిలిన బట్టలు సూట్‌కేసులో పెట్టాడు. “మీ మీద కోపం లేదు సార్. గీ మాట మీరు ఇంతకుముందు సుత చెప్పిన్రు. గిప్పుడు నమ్మి ఈడనే ఉన్నంక మళ్ల గట్లనే అయితే, వీసా సుత పోతది” అన్నాడు.

అతను గురువారం వెళ్లిపోయాడు.

ల్యాప్‌టాప్ మళ్లీ కంప్లయింటుకు రాలేదు. మిగిలిన పెళ్లిళ్లు సరిత ఒక్కతే మిక్సింగ్ చేసింది. తర్వాతి సీజన్‌కు గది కింద బోర్డు కూడా పెట్టించింది. నేను ఆ దారిన వెళ్లినప్పుడు చాయ్ తాగి పొమ్మనేది. గంగాధర్ ఎప్పుడొస్తాడని మాత్రం నేను అడిగేవాణ్ణి కాదు.

ఆ నెల నుంచి అడాప్టర్ లేకుండా మెషిన్ తీసుకోవడం మానేశాను. తారుమారు కాకుండా ప్రతిదానికీ తెల్ల టేపు చుట్టి కస్టమర్ పేరు రాసేవాణ్ణి. వర్క్‌షాపులో సణిగారు, తర్వాత అలవాటుపడ్డారు. బెంచి మీద నడిచినంత మాత్రాన మెషిన్ బాగైనట్టు కాదు. రిటైరయ్యేదాకా జాబ్ షీట్‌లో ‘బాగైంది’ అన్న మాటను కస్టమర్ గదిలో, కస్టమర్ వైరుతో నడిపి చూశాకే రాశాను.