ఐలేష్ చేతికి చిక్కిన కెమెరా

ఐలేష్‌కి ఒకటే రోగం. ఏ వస్తువునూ దాని బతుకు దాన్ని బతకనివ్వడు. చిన్న మోడల్ కంటపడిందా, దాన్ని లోపలి నుంచి నడిపించే ప్రోగ్రాము, అదే ఫర్మ్‌వేర్, పీకేసి పెద్ద మోడల్‌ది ఎక్కించాల్సిందే. "లోపల రెండూ ఒకటే అన్న! కంపెనీవోడు చిన్నదాని నోరు కట్టేసి అమ్ముతున్నడు, గంతే" అంటాడు. మాదాపూర్ ఆఫీసులో ఆరేళ్లు అతని పక్క సీటు నాది. ఏ జన్మలో ఏం పాపం చేశానో!

అతని ఫోన్లో ఉన్నది వేరే ఫోను ఫర్మ్‌వేర్. ఐదు నొక్కితే ఎనిమిది పడేది. నాకు చేయబోయి రోజూ హఫీజ్‌పేట్‌లో ఎవరో పార్వతమ్మగారికి చేసేవాడు. ఆవిడ వారంపాటు తిట్టి, ఆ తర్వాత "తిన్నావా నాయనా?" అని అడగడం మొదలుపెట్టింది. ఆఫీసు కాఫీ మిషన్నీ వదల్లేదు. టీ బటన్ నొక్కితే టమాటా సూపు! మేనేజరు నిలదీస్తే, "ఇంతకుముందు సూప్ వస్తుండెనా సార్?" అని ఎదురు అడిగాడు.

అవి ఉద్యమం రోజులు. జనగామ మనిషి కదా, బండి నంబరు ప్లేటు మీద ఏపీ చెరిపి టీజీ రాసుకున్నాడు. "బండికి సుత ఫర్మ్‌వేర్ మార్చిన" అని మళ్లీ అదో గొప్ప. ఒకరోజు భోజనాల దగ్గర కెమెరాల గురించి "లోపల రెండూ ఒకటే" అని గట్టిగా వాదిస్తుంటే, కోస్తా వాళ్లు "చూశారా, మీవాడే కలిసుందామంటున్నాడండీ!" అని చప్పట్లు కొట్టారు. తెలంగాణ వాళ్లు "ఏందిరా, ద్రోహివా?" అని లేచారు.

"అరె, నేను కెమెరా ముచ్చట జెప్తున్న! రాష్ట్రం వేరేనే గావాలె!" అని అరిచాడు ఐలేష్. ప్రొద్దుటూరువాణ్ణి, నాకెందుకొచ్చిన గొడవని పెరుగన్నం కలుపుకున్నాను.

ఇలా ఉండగా మా గేటు దగ్గరి సెక్యూరిటీ కిష్టయ్య, మోకాళ్లు ఇక సహకరించక, ఉద్యోగం మానేసి ఊరికి పోతానన్నాడు. ఆ శుక్రవారమే ఆఖరి డ్యూటీ. తొమ్మిదేళ్లుగా ఆఫీసులో ఏ వేడుకైనా మా ఫోటోలు తీసింది ఆయనే. అందుకే ఒక్క ఫోటోలోనూ ఆయన లేడు.

"మీ అందరితోని ఒక్క ఫోటో దిగాలె సారు" అన్నాడు నాతో. "యాడ పని జేసినవని ఇంటికాడ అడిగితే సూపియ్యనీకె ఏం లేదు."

"దానిదేముంది, నేను తీస్తాలే."

"మీరొద్దు సారు. ఎవ్వలు తీసినా వంకర తీస్తరు. నేనే తీసి, నేనే దిగుత."

సరే, బటన్ నొక్కి వచ్చి నిలబడే సౌకర్యం ఉంది కదా అని మా బావమరిది కెమెరా అరువు తెచ్చాను. బుధవారం దాన్ని బల్లమీద పెట్టి మీటింగుకు వెళ్లాను. బుద్ధున్నవాడెవడైనా ఐలేష్ పక్కన కెమెరా పెట్టి వెళతాడా?

తిరిగొచ్చేసరికి కెమెరా మూతి బయటికి చాచి బిగుసుకుపోయి ఉంది. తెర నల్లగా ఉంది.

"ఏం జేసినావప్పా!"

"పెద్ద మోడల్‌ది ఎక్కిస్తున్న అన్న. జర నడుమల బ్యాటరీ దిగింది."

"అది నాది గాదు, మా బావమరిదిది!"

"లోపల రెండూ..."

"నోర్ముయ్! ఎల్లుండి కిష్టయ్యకు ఏం జెప్తావు? ఆ మనిషి నీకేం అన్యాయం జేసినాడు?"

బాగు చేయిద్దామంటే సకల జనుల సమ్మె. బస్సుల్లేవు, షాపులు మూత.

"సమ్మె సమ్మె అని అరిచినావు గదా, అనుభవించు" అన్నాను.

"సమ్మె కరెక్టే అన్న. నా టైమే గలత్" అని కెమెరా తీసుకుని చందానగర్‌లోని తన గదికి పోయాడు. గురువారం ఆఫీసుకే రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఇంట్లో మా ఆవిడ దివ్య "మా తమ్ముడి కెమెరా ఏదీ?" అని అడిగితే, ఆఫీసులో భద్రంగా ఉందని చెప్పాను. పెళ్లయ్యాక అంత పచ్చి అబద్ధం ఆడటం అదే మొదలు.

శుక్రవారం బంద్. ఆఫీసుకు పదకొండుమందిమే వచ్చాం. బండి తీయడానికి లేక ఐలేష్ చందానగర్ నుంచి నడిచొచ్చాడు, చెమటలు కక్కుతూ, కెమెరాను తువ్వాల్లో చుట్టుకుని. మూతి లోపలికి పోయింది, బయటికొచ్చింది. బతికింది! కానీ తెరమీద వేరే మోడల్ పేరు.

"పేరు గూడా మార్చినావా! మా బావమరిదికి ఏం జెప్పాలప్పా?"

"తర్వాత తిట్టు అన్న. పొయ్యి నిలవడు."

కిష్టయ్య కెమెరాను గేటు పక్క గోడమీద పెట్టి, సరిచూసుకుని, బటన్ నొక్కి మా వైపు బయల్దేరాడు. కుంటుకుంటూ. నేను లోలోపల లెక్కపెట్టాను. ఎనిమిది, తొమ్మిది, పది. ఆయన ఇంకా సగం దూరంలో ఉన్నాడు. కెమెరా మాత్రం క్లిక్ అనలేదు.

"మళ్లీ చచ్చింది!" అని అరిచాను.

"కదలకు అన్న. ముప్పై ఉన్నయి."

"ఏం ముప్పై?"

"సెకండ్లు. చిన్నదాంట్ల పదే ఉంటయి. పెద్దదాంట్ల ముప్పై."

కిష్టయ్య నడుస్తూనే అందుకున్నాడు. "మొన్న మీరు మీటింగుల ఉన్నప్పుడు ఈ బిడ్డ, నేను నాలుగుసార్లు సూసినం సారు. పదిల నా మోకాలు రానియ్యది. ఎన్నిసార్లు తీసినా నా ఈపే వడ్డది."

నేను నోరు తెరిచి ఐలేష్ వైపు చూశాను. ప్రేమ పొంగుకొచ్చింది. దాని వెనకే మళ్లీ ఒళ్లు మండింది.

"ఈ ముక్క ముందే జెప్పొచ్చు గదప్పా!"

"చెప్తే కెమెరా ముట్టనిస్తుంటివా అన్న?"

నిజమే, ఇచ్చేవాణ్ణి కాదు. ఈలోగా కిష్టయ్య వచ్చి మా మధ్యలో నిలబడ్డాడు.

"ఇంక ఎంతుంది బిడ్డా?"

"ఎనిమిదున్నయి పెద్దయ్యా."

"అబ్బో, మస్తున్నది!" అని కిష్టయ్య టోపీ తీసి, జేబులోంచి దువ్వెన తీసి, తీరిగ్గా తల దువ్వుకుని, మళ్లీ టోపీ పెట్టుకున్నాడు. అప్పుడు క్లిక్‌మంది. ఫోటోలో మేమంతా ఆయన్నే చూసి నవ్వుతున్నాం. ఆయన మాత్రం దువ్వెన చేతిలో పట్టుకుని, ఛాతీ విరుచుకుని, సూటిగా కెమెరాలోకి చూస్తున్నాడు.