ధనుర్వాతం గదీ, నాంచారమ్మ గొంతూ

1961, ఊడ్పుల కాలం. బందరులో ఒక మిషను ఆసుపత్రిలో నేను స్టాఫ్ నర్సుని. ఇప్పుడు ఇంటెన్సివ్ కేర్ అంటే చల్లటి గది, నిమిషానికోసారి కూసే మిషన్లు. అప్పట్లో మాకున్నది వరండా చివర ఒక చీకటి గది. కిటికీలకి నల్ల దుప్పట్లు కట్టి, తలుపు కీచుమనకుండా బందులకి ఆముదం రాసేవాళ్లం. దాన్ని ధనుర్వాతం గది అనేవాళ్లం.

ధనుర్వాతం, అంటే టెటనస్, గాయంలోంచి ఒంట్లోకి ఎక్కే విషం. ముందు దవడలు బిగుసుకుంటాయి. ఆ తర్వాత చిన్న చప్పుడైనా, కాస్త వెలుతురు పడినా ఒళ్లు విల్లులా వంగి ఈడ్పు వస్తుంది. ఆ ఈడ్పులో ఊపిరి ఆగితే మనిషి దక్కడు. అందుకని సెడేషన్ ఇచ్చేవాళ్లం, అంటే మత్తులో ఉంచటం. పారాల్డిహైడ్ అనే మందుని గాజు సిరంజితో తుంటికి పొడవాలి. తక్కువైతే ఈడ్పులు ఆగవు, ఎక్కువైతే ఊపిరి మందగిస్తుంది. ఎంత చాలో చెప్పే మిషను లేదు. రోగి రొమ్ము మీద చెయ్యి వేసి కూర్చోవటమే. ఆ మందు వాసన ఎంత ఘాటంటే, డ్యూటీ దిగి ఇంటికి వెళ్తే మా అమ్మ నన్ను పెరట్లోంచి రమ్మనేది.

ఆ గదిలోకి వీరాస్వామిని తెచ్చారు. నాగాయలంక వైపు ఒక రేవులో బల్లకట్టు నడుపుతాడు. యాభై దాటినవాడు. కాల్లో మేకు దిగితే పసుపు అద్ది ఊరుకున్నాడు. వారం తిరిగేసరికి నోట్లోకి ముద్ద పోలేదు. వెంట భార్య నాంచారమ్మ వచ్చింది. ఆ సంగతి ఆవిడ గేటు దగ్గర ఉండగానే ఆసుపత్రి మొత్తానికీ తెలిసింది. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఏటి ఒడ్డునే బతికిన మనిషి. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు వినపడేలా మాట్లాడటమే ఆవిడకి మామూలు మాట.

"పిన్నీ, ఇక్కడ చప్పుడు చెయ్యకూడదు," అన్నాను చెవి దగ్గర.

"నేనేం చప్పుడు చేశానమ్మా, గుసగుసలాడుతుంటేనూ," అంది.

ఎదురు వార్డులో పడుకున్నవాళ్లు లేచి కూర్చున్నారు.

పెద్ద డాక్టరుగారు ఆవిణ్ణి గేటు అవతలే ఉంచమన్నారు. ఊరికే కూర్చోమంటే కూర్చునే రకం కాదని, వీధిలో ఎవరూ చప్పుడు చెయ్యకుండా చూసే పని అప్పజెప్పాను. ఆవిడ చాలా శ్రద్ధగా చేసింది. ఐసు అమ్మేవాడు గంట వాయిస్తే, "లోపల మా ఆయన మత్తులో ఉన్నాడు, ఆపుతావా లేదా," అని వేసిన కేక రెండు వీధుల అవతలికి వినపడింది. ఎడ్లబండి వస్తే ఎద్దుల మెడలో గంటలకి గడ్డి కుక్కించింది. ఆదివారం చర్చి గంట కొట్టబోయిన ముసలాయన్ని కూడా వదల్లేదు.

"మీ దేవుడికి చెవులు బాగానే వినపడతాయి గదయ్యా, ఇంక గంటెందుకు?" అందట.

పాదిరిగారు కాసేపు ఆలోచించి, ఆ వారం గంట లేకుండానే ఆరాధన మొదలుపెట్టారు.

అలా వీధిలో చప్పుళ్లన్నీ అణిగాయి, నాంచారమ్మది తప్ప. చివరికి ఒక ఉదయం పెద్ద డాక్టరుగారే గేటు దగ్గరికి వెళ్లారు. "అమ్మా, నీ గొంతే మీ ఆయన ప్రాణానికి ముప్పు," అన్నారు. ఆవిడ మొహం పాలిపోయింది. పైట కొంగు నోట్లో కుక్కుకుని గోడవార కూలబడింది. ఆ తర్వాత కిక్కురుమంటే ఒట్టు.

ఆ మధ్యాహ్నం వీరాస్వామికి ముదిరింది. నాడి పరుగెత్తుతోంది, ఒళ్లంతా చెమట, ఈడ్పు మీద ఈడ్పు. డాక్టరుగారు ఇంకో డోసు ఇవ్వమన్నారు. నా చెయ్యి వీరాస్వామి రొమ్ము మీదే ఉంది. ఊపిరి అప్పటికే పైపైన ఆడుతోంది. ఇంకాస్త మత్తు ఇస్తే అదీ ఆగుతుందేమోనని భయమేసింది.

"ఒక్క నిమిషం ఆగుదామాండీ," అన్నాను. డాక్టరుగారు గడియారం చూసుకుని, సరే అన్నట్టు తలూపారు.

ఈ జబ్బు తెలివిని పోగొట్టదు. మత్తు పలచబడినప్పుడు రోగికి అన్నీ వినపడతాయి, నోరే రాదు.

"బాబాయ్, అవునంటే కళ్లు గట్టిగా మూయి. నొప్పి ఎక్కువైందా?"

మూయలేదు.

"దాహమా?"

కాదు. చూపు మాత్రం గేటు వైపు కిటికీకి కట్టిన దుప్పటి మీదికి పోతోంది.

"పిన్ని గురించా?"

కళ్లు మూశాడు. కొసల్లోంచి నీళ్లు జారాయి. పొద్దుట్నుంచీ ఆవిడ గొంతు వినపడక, ఆవిడకేదో అయిందని బెంగపడుతున్నాడని అప్పుడు అర్థమైంది. ఆవిడ బాగానే ఉందన్నా నమ్మలేదు, చూపు మళ్లీ ఆ దుప్పటి మీదికే పోయింది.

ఇంకో నర్సుని కూర్చోబెట్టి గేటు దగ్గరికి పరుగెత్తాను. "పిన్నీ, ఏదైనా మాట్లాడు," అన్నాను. ఆవిడ కొంగు తియ్యకుండానే అడ్డంగా తలూపి, డాక్టరుగారి గది వైపు చెయ్యి చూపించింది. ఎంత బతిమాలినా వినలేదు. నా వెనకే వచ్చిన డాక్టరుగారు చేతులు జోడించారు.

"నేనే చెప్తున్నానమ్మా, కాస్త గట్టిగా కేకెయ్యి."

"ఏవని అరవమంటారండీ?" అంది. ఆవిడ మెల్లగా మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

"రేవులో రోజూ ఏమంటావో అదే అను," అన్నాను.

"ఏవయ్యో, బల్లకట్టు ఇటు తిప్పు, జనం నుంచున్నారు," అని కేక పెట్టింది.

కాకులు ఎగిరిపోయాయి. మేం గదిలోకి వెళ్లి చూశాం. వీరాస్వామికి ఈడ్పు రాలేదు. కాసేపటికి నాడి నెమ్మదించింది. ఆ అదనపు డోసు అక్కర్లేకపోయింది. పొగమంచు రోజుల్లో ఆ కేకని బట్టే ఆయన ఒడ్డు చేరేవాడని తర్వాత తెలిసింది. మాకు చప్పుడైనది ఆయనకి చప్పుడు కాదు.

ఆ మర్నాటి నుంచి డాక్టరుగారు రౌండ్సులో, "మందు ఇచ్చారా? నాంచారమ్మని ఇచ్చారా?" అని రెండూ కలిపే అడిగేవారు. పొద్దునా సాయంత్రం ఆవిడ గేటు దగ్గర నిలబడి దివిసీమ కబుర్లన్నీ చెప్పేది. ఎవరి గేదె ఈనిందో మిగతా వార్డులకి కూడా తెలిసేది.

కొన్ని వారాలకి దవడ వదులైంది. ఆయన మొదటి మాట వినాలని అందరం మంచం చుట్టూ చేరాం. నాంచారమ్మని తలాపున నిలబెట్టాం. వీరాస్వామి పెదాలు తడుపుకుని నా వైపు చూశాడు.

"సిస్టరమ్మా, దీన్ని కాస్త మెల్లగా మాట్లాడమను."

"ఏవన్నాడమ్మా, వినపళ్లేదు," అంది నాంచారమ్మ.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ పనిలోనే ఉన్నాను. మందులు మారాయి, ఊపిరి అందించే మిషన్లొచ్చాయి. మత్తులో ఉన్న మనిషిని, అసలు అక్కడ లేనివాడిలా చూస్తాం మనం. ఆ మనిషి మాత్రం ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో లెక్క చూసుకుంటూ పడుకుని ఉంటాడు. అందుకే డోసు పెంచబోయే ముందు రోగిని ఒకసారి పేరు పెట్టి పలకరించి, ఏం కావాలో అడగమని నా దగ్గరికి వచ్చిన ప్రతి కొత్త నర్సుకీ చెప్పాను. జవాబు రావటానికి నోరే పెగలాలని లేదు.