మాస్టారు తనదని చెప్పిన బ్యాగు

మాస్టారు పోయారన్న కబురు మా రైల్వే కాలనీ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. దాని పైన రేపు కుళాయి నీళ్ళు రావన్న మెసేజి, కింద ఎవరి మనవడిదో పుట్టినరోజు కేకు. మధ్యలో ఆయన. "ఫోటో స్టూడియో మాస్టారు ఈ ఉదయం కాలం చేశారు" అని ఒక్క వాక్యం, ఆ వెనక వరసగా దండం పెడుతున్న బొమ్మలు. నేనూ ఒక బొమ్మ పెట్టాను. ఆరేళ్ళు పక్కన నిలబెట్టుకుని పని నేర్పిన మనిషికి నేను చేసిన మర్యాద అంతే.

నేనుండేది బస్తర్‌లోని నగర్‌నార్‌లో. అక్కడినుంచి జగదల్‌పూర్‌లో ఆయన ఇంటికి బస్సులో గంట కూడా పట్టదు. ఐదేళ్ళుగా వెళ్ళలేదు. తీరిక లేక కాదు, ముఖం చెల్లక. ఆయన పేరు మీద ఒక మచ్చ ఉంది. అది పడింది నా వల్ల. నేను నోరు విప్పితే పోయేది, విప్పలేదు. ఇప్పుడు విప్పుతున్నాను. ఆయన వినలేని రోజున విప్పడం ఎంత తేలికో కూడా నాకు తెలుస్తూనే ఉంది.

మాస్టారంటే బడిలో పాఠం చెప్పినవారు కాదు. కిరందుల్ రైలు లైను మీద పనికి విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబం వాళ్ళది. తండ్రి పట్టాల పని చేస్తే, ఈయన కెమెరా పట్టుకున్నారు. పెళ్ళిళ్ళు, రిటైర్మెంటు సన్మానాలు, బడిలో గ్రూపు ఫోటోలు, ఆదివారం సంతలు. సంతలో ఇప్పపువ్వు అమ్మే ఆడవాళ్ళ దగ్గర గొంతుక్కూర్చుని, వాళ్ళ హల్బీ భాషలో కష్టసుఖాలు మాట్లాడి, తీసుకోమంటేనే ఫోటో తీసేవారు. వచ్చే వారం ఆ ఫోటో కడిగించి తెచ్చి ఇచ్చేవారు. ఇవ్వలేని వారం ఆ వరసలోకి వెళ్ళేవారు కాదు, చుట్టూ తిరిగి పోయేవారు. అంత సిగ్గు ఆయనకు.

కెమెరా కంటే కెమెరా మోసే బ్యాగు మీద ఆయనకు పట్టింపు ఎక్కువ. చేరిన కొత్తలో నాకు చాదస్తం అనిపించేది. లెన్సు గురించి అడిగితే రెండు ముక్కల్లో తేల్చేసి, బ్యాగు గురించి అడక్కుండానే గంట చెప్పేవారు. ఆయన బ్యాగు పాత టార్పాలిన్‌తో ఇంట్లోనే కుట్టింది. ఎండి మట్టి రంగుకు తిరిగిపోయి, ఉల్లిపాయలు తెచ్చుకునే సంచీ అనుకునేట్టు ఉండేది. దాన్ని ఎప్పుడూ నేల మీద పెట్టేవారు కాదు. బస్సులో ఒళ్ళో, టీ కొట్టులో మోకాలి మీద.

ఎవరు కొత్త బ్యాగు కొన్నా ఆయన దగ్గరకు పరీక్షకు తెచ్చేవారు. లైను పక్కనుంచి కంకర రాళ్ళు ఏరుకొచ్చి, బ్యాగు నిండా పోసి, వరండాలో మేకుకు మూడు రోజులు తగిలించేవారు. నాలుగో రోజు కళ్ళద్దాలు పెట్టుకుని కుట్లు చూసేవారు.

"పట్టీని సూడకమ్మా. పట్టీ ఎప్పుడూ తెగదు. పట్టీ కుట్టిన సోటు తెగుతాది. అక్కడ సూడు."

ఆ తర్వాత జిప్పు. తెల్ల చేతిరుమాలు మడిచి లోపల పెట్టి, జిప్పు వేసి, ఇనప రాయి మోసే గూడ్సు పోయేటప్పుడు ప్లాట్‌ఫారం మీద పట్టుకుని నిలబడేవారు. గూడ్సంతా పోయాక రుమాలు తీసి చూడాలి. ఎక్కడైనా ఎర్ర పొడి కనబడితే ఆ బ్యాగు కూరగాయలకు. ఈ లైను మీద కెమెరాలను చంపేది వాన కాదు, ఆ పొడి. లెన్సు తిప్పుతుంటే కరకరలాడిందంటే అయిపోయినట్టే. నీళ్ళ సీసాకు బయట జేబు, అడుగున దళసరి రబ్బరు, ఇవి ఎలాగూ ఉండాలి. అన్నిటికంటే చివర ఒక మాట అనేవారు.

"బరువు మన భుజానికి తెలియాల. బ్యాగు మాత్రం ఎదుటోడి కంటికి తెలియకూడదు."

ఇప్పుడు కెమెరా కొత్తగా కొన్న పిల్లలు నన్ను అడుగుతారు, "అక్కా, రోజూ వాడడానికి ఏ బ్యాగు కొనాలి" అని. నేను కంకర రాళ్ళు చెబుతాను, రుమాలు చెబుతాను. ఆశ్చర్యపోతారు. ఇవి ఎవరు నేర్పారో మాత్రం ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. నా సొంత తెలివి అన్నట్టు ముసిముసిగా నవ్వి ఊరుకున్నాను.

ఇక జరిగింది చెబుతాను. నా కష్టార్జితంతో మొదట కొన్నది ఒక బ్యాగు. ఆన్‌లైన్‌లో వారం పాటు వెతికి తెప్పించాను. ముదురు ఆకుపచ్చ, ఒంటి నిండా పట్టీలు, కొక్కేలు, సైనికులు మోసే రకం గట్టి గుడ్డ అని రాసి ఉంది. అది చూసే మురిసిపోయాను. మాస్టారు పరీక్ష పెట్టారు. రాళ్ళకు నిలబడింది, రుమాలు తెల్లగా వచ్చింది. మెచ్చుకుంటారనుకుంటే దాన్ని తిప్పి తిప్పి చూసి ఆగిపోయారు.

"అన్నీ బాగున్నాయి. ఏటమ్మా ఈ రంగు? మనం తిరిగే దారులేటి, నువ్వు మోసేదేటి? రెండు రోజులు ఇచ్చీ. మీ పిన్ని చేత మట్టి రంగు గుడ్డతో తొడుగు కుట్టించీస్తాను."

బస్తర్‌లో పుట్టి పెరిగిన దాన్ని. అడవిలో అన్నలు మోసే రంగు పిట్టూ, అదే వీపు సంచీ, భుజాన ఉంటే రోడ్డు మీద ఎవరి చూపు ఎలా తిరుగుతుందో నాకు తెలియనిది కాదు. కానీ అంత పెట్టి కొన్నది తలగడలా తొడుగు వేసి మోయాలా అని నాకు చిర్రెత్తింది.

"మీకు కొత్తదేదీ పడదు మాస్టారూ" అన్నాను. ఆయన బ్యాగు నా చేతికి ఇచ్చేసి, సాసర్లో టీ పోసుకున్నారు.

తర్వాతి వారం తోంగ్‌పాల్ దాటాక ఒక పల్లెలో తెలుగువాళ్ళ పెళ్ళి. పెళ్ళివారి జీపులోనే ఎక్కాం. దారిలో పోలీసుల తనిఖీ. అందర్నీ దింపారు. సామాన్లు చూస్తున్న మనిషి నా బ్యాగు దగ్గర ఆగి, పట్టీ పట్టి పైకెత్తాడు.

"యే పిట్టూ కిస్‌కా హై?"

ఎవరిదని అడుగుతున్నాడు. నాది అనడానికి ఎంతసేపు? ఆ రెండక్షరాలూ రాలేదు. మాస్టారు నా వైపు చూడను కూడా చూడలేదు. ఒక అడుగు ముందుకు వేసి, "మేరా హై సాబ్" అన్నారు.

ఆయన్ను పక్కకు రమ్మన్నారు. వెళ్తూ తన టార్పాలిన్ బ్యాగు నా భుజాన తగిలించి, "ముహూర్తం దాటిపోద్ది. నువ్వెళ్ళి తీసీ" అన్నారు. జీపు కదిలింది. నేను ఎక్కాను. ఇది చదువుతున్నవాళ్ళు ఎవరైనా నన్ను వెనకేసుకురావాలనుకుంటే దయచేసి ఆ పని చేయకండి. నేను జీపు ఎక్కాను, వెళ్ళి తలంబ్రాలు తీశాను, ఆయన కెమెరాతో. ఫోటోలు చాలా బాగా వచ్చాయి.

ఆయన్ను మర్నాడు మధ్యాహ్నం వదిలారు. బ్యాగు వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. అక్కడేం అడిగారో, ఏమన్నారో నాకు ఎప్పుడూ చెప్పలేదు. నేను అడగలేదు. కానీ జీపులో ఉన్న ప్రతివాడూ ఊరికి వచ్చి చెప్పాడు. మాస్టారు అడవి వాళ్ళ బ్యాగుతో దొరికాడట. ఊరికే పట్టుకుంటారా, ఏదో ఉండే ఉంటుంది. ఆ ఏడు బడి వాళ్ళు గ్రూపు ఫోటోకి వేరే మనిషిని పిలిచారు. సన్మానాలకు పిలుపు ఆగింది. దూరాన ఉన్న గీదం నుంచి కూడా పెళ్ళిళ్ళు తెచ్చిన స్టూడియో, చూస్తుండగానే షట్టర్ దించేసింది. ఆ బ్యాగు తనది కాదు, ఆ పిల్లదని ఆయన ఒక్కమాట అంటే సరిపోయేది. అనలేదు. అనరని నాకు తెలుసు. ఆ ధీమాతోనే బతికాను.

ఆ తర్వాత నాకు నగర్‌నార్‌లో ఒక కాంట్రాక్టరు కింద సభలకు ఫోటోలు తీసే పని కుదిరింది. చేర్చుకునే ముందు ఒకాయన అడిగాడు, ఆ స్టూడియో అతని దగ్గర ఎన్నాళ్ళు చేశావని. ఆరు నెలలు అన్నాను. ఆరేళ్ళను ఆరు నెలలు చేశాను. ఆ సాయంత్రం స్వీట్లు కూడా పంచాను.

ఇప్పుడు కాలనీ హాల్లో సంతాప సభ పెట్టారు. బతికుండగా ఒక్క పెళ్ళికి పిలవనివాళ్ళు ముందు వరసలో కూర్చున్నారు. ఒక పెద్దాయన లేచి, "మంచి మనిషి. ఆ ఒక్క మచ్చ లేకపోతే ఎంత బావుండేది" అన్నాడు. తలలు ఊగాయి. నన్ను మాట్లాడమన్నారు. ఇదే అదను, ఇప్పుడు చెబుతాను అనుకునే లేచాను. లేచి కంకర రాళ్ళ కథ చెప్పాను. రుమాలు కథ చెప్పాను. అందరూ నవ్వారు, చప్పట్లు కూడా కొట్టారు. కూర్చున్నాను. నన్ను నేను ఎంత తిట్టుకున్నానో ఇక్కడ రాసేది కాదు.

అక్కడినుంచి వాళ్ళింటికి వెళ్ళాను. పిన్ని, మాస్టారి భార్య, వరండాలో కుట్టుమిషను పక్కన కూర్చుని ఉంది. నన్ను చూసి ఏడవలేదు, నిష్ఠూరమూ ఆడలేదు. "వచ్చీసినావా" అంది. అంతే. వెనక మేకుకు మట్టి రంగు బ్యాగు వేలాడుతోంది.

"మాస్టారి బ్యాగు ఇంకా ఉంచారా పిన్నీ" అన్నాను.

"ఆయనది ఎప్పుడో సిరిగిపోనాది. అది నీదేనమ్మా."

నాకు అర్థం కాలేదు. దగ్గరకు వెళ్ళి గుడ్డ అంచు పైకెత్తాను. కింద ముదురు ఆకుపచ్చ.

"ఎన్నిమార్లు పోలీసు టేసను సుట్టూ తిరిగినారో దానికోసం. పోనీండి, పోతే పోనాది అంటే ఇన్లేదు. పిల్ల మొదటి సంపాదన అన్నారు. తెచ్చినాక నా సేత తొడుగు కుట్టించినారు. రాళ్ళు ఏసి తగిలించినారు. మూడేళ్ళయింది, దించనియ్యలేదు. ఆదోరం ఆదోరం కుట్లు సూసుకునీవోరు."

"నాకు ఒక్క కబురు పంపితే వచ్చేదాన్ని కదా పిన్నీ."

పిన్ని నా ముఖంలోకి చూసింది. "నేనూ అదే అన్నాను. తనంతట తనే రావాల అన్నారు. దించుకో."

ఒక్కసారిగా దించలేకపోయాను. స్టూలు వేసుకుని, జిప్పు తీసి, ఒక్కొక్క రాయీ తీసి వరండా గట్టు మీద పెట్టాను. లైను మీది రాళ్ళు, ఇనప పొడి పట్టి ఎర్రగా ఉన్నాయి. పట్టీ కుట్టిన చోట తొడుగు మీద మూడు వరసల కుట్టు వేసి ఉంది. ఒక్క పోగు సడలలేదు. కెమెరా పెట్టుకునే లోపలి అరకు వేరే జిప్పు. అదీ తీశాను. మాస్టారి చేతిరుమాలు నాలుగు మడతలుగా ఉంది. ఇంటి వెనకనుంచి రోజూ గూడ్సులు పోతూనే ఉన్నాయి, ఇన్నేళ్ళూ. రుమాలు మల్లెపువ్వులా తెల్లగా ఉంది.

విప్పి చూశాను. నా వేళ్ళు తగిలిన చోటల్లా ఎర్రగా అయింది.