కొత్తల పండుగ కోసం ఆగిన మిల్లు

కొత్తగూడెం నుంచి భద్రాచలం వెళ్లే దారిలో, అడవి మొదలయ్యే చోట మా ఊరు. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క పప్పుమిల్లు మూతబడ్డాక, అందులో మెకానిక్‌గా పనిచేసిన నా భర్త బోరు లారీల వెంట తిరిగేవారు. ఒకసారి బయల్దేరితే మళ్లీ ఎప్పుడొచ్చేదీ ఆయనకే తెలిసేది కాదు. ఇంతలో హైదరాబాదు నుంచి, ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా కుటుంబంతో సహా రమ్మని కబురొచ్చింది. మిల్లు తెరిస్తే ఇక్కడే ఉందాం, తెరవకపోతే వెళ్లిపోదాం అనుకున్నాం. నేను ప్రార్థనలో అదే అడిగేదాన్ని. మా చర్చి సంఘం, నేను వాక్యం నేర్పే పిల్లలు, అన్నీ ఇక్కడే కదా.

రెండు వేల దశకం సగానికి వచ్చిన రోజులవి. దేశం ఎదుగుతోందని పేపర్లు రోజూ రాసేవి. మా బజారులో ధాన్యం వ్యాపారం చేసే పెద్ద భాయ్ ఆ పేపరు చదివి మడిచి, దాంతోనే విసురుకునేవాడు.

"ఏ దిక్కుకెళ్లి ఎదుగుతుందో గని, మన దిక్కు మాత్రం రాలే సర్పంచన్నా" అనేవాడు.

"రోడ్డు బాగలేదు భాయ్, ఎట్లొస్తది?" అని సర్పంచ్ నవ్వేవాడు.

ఆ నవ్వులోంచే మిల్లు తెరిపించే కమిటీ పుట్టింది. భాయ్ ఖమ్మం వెళ్లి మిల్లు యజమానిని ఒప్పించాడు. సర్పంచ్ ఆఫీసుల చుట్టూ తిరిగి రోడ్డు గుంతలు పూడ్పించాడు, ట్రాన్స్‌ఫార్మర్ తెప్పించాడు. కందులు శుభ్రం చేసే పని మా పొదుపు సంఘాల ఆడవాళ్లం తీసుకున్నాం. సంఘాల తరఫున కమిటీలో నేనూ కూర్చున్నాను. కందులు పండేది కోయ గూడేల్లో. అక్కడి పెద్దలు సరుకు మిల్లుకే తెస్తామన్నారు. ఇలా కడుపు నిండేది ఒక్క ఏడాది కాదు, పిల్లల కాలం దాకా అని మా ఆశ.

పంచాంగం చూసి ప్రారంభానికి రోజు పెట్టారు. షామియానా వేశారు. మేము డేగిశాల నిండా పులిహోర కలిపాం. నా భర్త కొత్త బెల్టులు బిగించి, ఇస్త్రీ చొక్కా వేసుకుని మోటారు పక్కన నిలబడ్డారు. పొద్దెక్కింది. ఒక్క బండీ రాలేదు. ఒక్క బస్తా దిగలేదు.

మిల్లు యజమాని ముఖం ఎర్రబడింది.

"పిలిచి నన్ను నవ్వులపాలు చేసిన్రు. మెషిన్లకు బేరం ఉన్నది. రేపే లారీ ఎక్కిస్త" అన్నాడు.

నా భర్త చేతిలోని గుడ్డతో తుడిచిన మోటారునే మళ్లీ తుడిచారు.

సర్పంచ్, భాయ్, నేను జీపులో గూడేనికి వెళ్లాం. గూడెం పెద్దాయన మంచం వాల్చి, మంచినీళ్లిచ్చి, తీరిగ్గా కూర్చున్నాడు.

"ఏంది తాతా, గిట్ల జేసిన్రు? వస్తమన్నరు గద!" అన్నాడు సర్పంచ్.

"అవ్, వస్తం. కొత్తల పండుగ గాలే గద. కొత్త పంట ఇంకా మేమే నోట్ల పెట్టలే, మీకెట్ల అమ్ముతం?"

"గీ మాట ముందల జెప్పద్దా?"

"మీరడిగితిరా? పంతులుతోని మంచిరోజు చూపిచ్చుకొని వస్తిరి. మీ మంచిరోజు మీరు చేసుకుంటుండ్రని మేం ఊకున్నం."

భాయ్ పగలబడి నవ్వాడు. సర్పంచ్ తల గోక్కున్నాడు. పండుగ ఎప్పుడంటే, పెద్దలు కూడి రోజు పెట్టాలి, దూరం ఊళ్లలో ఉన్న ఆడబిడ్డలు రావాలి అన్నాడు పెద్దాయన.

ఆ మాటలు వింటుంటే నాకు మా కోత పండుగ కళ్లముందు మెదిలింది. చెట్టున కాసిన తొలి సొరకాయను వండుకోకుండా తీసుకెళ్లి ప్రసంగ పీఠం ముందు పెడతాం. ప్రథమ ఫలం ఇచ్చినవానికే చెందాలని పిల్లలకు ప్రతి ఏడూ నేర్పుతాను.

"మా చర్చిల గూడ గంతే తాతా" అన్నాను. "దేవుని ముంగట పెట్టంది మేం ముట్టం."

ఆయన నా వైపు తిరిగి, "గట్లనా బిడ్డా" అన్నాడు.

తిరిగి వచ్చేసరికి యజమాని షామియానా కింద ఒక్కడే కూర్చుని పులిహోర తింటున్నాడు. సంగతి చెప్పాం.

"వాళ్ల పండుగకు నా మిల్లు ఆగాల్నా?" అన్నాడు.

భాయ్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "సావుకారు, రంజాన్ల పొద్దుగూకక ముందే మా ఇంటికొచ్చి చాయ్ అడుగుతవా?"

"అడగ."

"ఎందుకు?"

"నువ్వు ఉపాసముంటవు. నీ ముంగట నేనెట్ల తాగుత?"

"గిది గూడ గంతే. జల్దీ పడితే ఎట్ల?"

యజమాని కొంచెం మెత్తబడ్డాడు. అప్పుడు నేనూ నోరు తెరిచాను. "అన్నా, రేటు మంచిగున్నదని వాళ్లు దేవునికిచ్చిన మాట తప్పలే. గసొంటోళ్లు మీకిచ్చిన మాట తప్పుతరా?"

ఆయన ఆకు మడిచి లేచాడు. "సరే చెల్లె, ఆగుత. పండుగ తెల్లారి గూడ రాకపోతే మాత్రం లారీ వస్తది."

ఆ మధ్య రోజులు నేను మోకాళ్ల మీదే గడిపానంటే అబద్ధం కాదు. హైదరాబాదు వాళ్లు ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేసి తొందరపెట్టారు. ఆగమని చెప్పి నా భర్త మళ్లీ మిల్లుకే వెళ్లారు.

పండుగ తెల్లారి ఎడ్లబండ్లు వచ్చాయి. వాటి వెనక గూడెం ట్రాక్టరు. మిల్లు గేటు నుంచి రోడ్డు మలుపు దాకా వరస. నా భర్త స్విచ్ వేశారు. మోటారు ఒకసారి మూలిగి అందుకుంది. ఆ చప్పుడు వింటూ నేను మనసులోనే స్తోత్రం చెప్పుకున్నాను. సాయంత్రం ఆయనే బూత్‌కు వెళ్లి, రాలేమని హైదరాబాదుకు చెప్పి వచ్చారు.

పెద్దాయన పండుగ వంటకం మోదుగాకుల్లో పొట్లాలు కట్టించి తెచ్చాడు. భాయ్‌కి, సర్పంచ్‌కి, యజమానికి తలా ఒకటి ఇచ్చాడు. నా వంతు వస్తుంటే నాకు బెరుకు పుట్టింది. వేరే వేల్పు ముందు పెట్టింది నేను తినను. వద్దని ఆ చేతిని ఎలా తోసిపుచ్చను?

నాకు పొట్లం ఇవ్వలేదాయన. నడుముకు కట్టిన తువ్వాల విప్పి గుప్పెడు కందులు నా కొంగులో పోశాడు.

"ఇవి మేం మొక్కిన కుప్పల్నియి గావు బిడ్డా. వేరే పెట్టిచ్చిన. మీ దేవుని ముంగట నువ్వే పెట్టుకో."

రెండు చేతులతో కొంగు పట్టుకుని ఆయనకు తల వంచాను. అక్కడి నుంచి ఇంటికి వెళ్లలేదు, నేరుగా చర్చికి నడిచాను. తలుపు తీయించి ఆ కందులు పీఠం ముందు పోసి, ఆ గూడేన్ని దీవించమని అడిగాను. ఆ పూట నా కోసం ఏమీ అడగలేదు.