మామ చెవిలో మిల్లు, మధ్యలో నేను

మామ తలలో మిషన్ పెట్టించి, దవాఖానలో నా పరువు పోగొట్టుకున్న కథ చెబుతాను. నవ్వుకోండి, అభ్యంతరం లేదు. కానీ ఇందులో సగం తప్పు పుస్తకం పేజీ చింపినవాడిది. వాణ్ని మాత్రం నేను చచ్చినా వదలను!

మా మేనమామ రామాయంపేట రైస్ మిల్లులో పనిచేసి రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. ఆయన మిల్లు మానేసినా మిల్లు ఆయన్ని మానలేదు. బయటి మాట ఒక్కటీ వినపడదు, చెవుల్లో మాత్రం రాత్రింబవళ్లు గుయ్యిమని మోత. నిద్ర లేదు, తిండి సయించదు. తలలో కాక్లియర్ ఇంప్లాంట్ అనే వినికిడి మిషన్ పెట్టించుకుంటే వినికిడి వస్తుందని డాక్టరు చెప్పినా, కోత అంటే ఆయనకు భయం.

అప్పుడు దిగాను నేను. మెదక్ లైబ్రరీలో సగం బీరువాలు నమిలి మింగినవాణ్ని! ఆ ఇంప్లాంట్‌తో చాలామందికి మోత కూడా తగ్గుతుందని ఒక పుస్తకంలో చదివాను. ఆ తర్వాతి పేజీ లేదు. ఏ దుర్మార్గుడు పకోడీలు చుట్టుకున్నాడో! లేని పేజీలో ఏముంటుందిలే అనుకుని, పలక మీద మామకు రాసి చూపించాను: "కుట్లు పడంగనే మోత బంద్. పూచీ నాది."

ఆ పూచీ చూసే మామ ఆపరేషన్ బల్ల ఎక్కాడు.

కుట్లు విప్పారు. మోత పెరిగింది.

"అల్లుడా, ఒక్క మిల్లుండె. ఇప్పుడు రెండు నడుస్తున్నయి!" అని మామ వీధంతా వినపడేలా అరిచాడు. నా ఒళ్లు మండిపోయింది. మామనూ అత్తనూ బస్సెక్కించి, హైదరాబాద్‌లో డాక్టరు ముందు బల్ల గుద్దాను.

"ఏం సాబ్, మెదకోళ్లంటే గంత అగ్గువనా? ఖరాబు మిషన్ పెట్టి పంపుతరా?"

"ఖరాబని ఎట్ల తెలిసింది?"

"పెట్టినకాడికెల్లి ఒక్క ముక్క ఇనవడలే. మోత డబులైంది. నేను సదువుకున్న మనిషిని, నన్ను మోసం చెయ్యలేరు!"

"స్విచ్ ఎయ్యని ఫ్యాను గాలిస్తదా?"

గుద్దిన చెయ్యి బల్ల మీదే ఉండిపోయింది. లోపల పెట్టింది సగమేనట! గాయం మానాక, కొన్ని వారాలకు మిగతా సగం, అంటే మాటను పట్టే బిళ్ల, తలపై తగిలించి, అప్పుడు చాలూ చేస్తారట. ఈలోగా కొందరికి మోత పెరుగుతుందట.

"చాలూ చేసినంక చానామందికి తగ్గుతది. కొందరికి తగ్గదు, ఎవరికో ఒకరికి పెరుగుతది కూడా. పూచీ నేనే ఇయ్యలే, మీరెట్ల ఇచ్చిండ్రు?" అన్నాడు డాక్టరు.

"బాజాప్తా పలక మీద రాసిచ్చిండు సారూ," అంది అత్త. సొంత అత్త!

బిళ్ల తగిలించాక మొదట్లో మామకు మాటలన్నీ రేకు డబ్బాలో గులకరాళ్లలా వినిపించాయి. నెలలు గడిచేకొద్దీ మాట తెలిసింది, మోత సన్నగిల్లింది. బిళ్ల తీస్తే మాత్రం మళ్లీ హాజరు. తిండి సయించింది, మనిషి నవ్వాడు. మరి ఆ ఘనత ఎవరిది? అది ఆయనకు తెలియాలి కదా! ఒక ఆదివారం పక్కన కూర్చుని చెవి నిర్మాణం మొదటి నుంచి వివరించాను. అత్త చాయ్ ఇచ్చింది, ఖాళీ గ్లాసులు తీసుకుపోయింది, నేనింకా కర్ణభేరి దగ్గరే ఉన్నాను. మామ నెమ్మదిగా చెయ్యెత్తి, తల మీది బిళ్ల పీకి జేబులో వేసుకున్నాడు.

అత్త కంగారుగా సైగ చేసింది, మోత రాలేదా అని.

"వచ్చింది," అన్నాడు మామ హాయిగా కళ్లు మూసుకుని. "గిదే నయం. గిది పుస్తకాలు సదవలే."

చూశారా లోకం తీరు! ఆ క్షణమే సరస్వతీదేవి మీద ఒట్టు పెట్టుకున్నాను: ఇక ఈ జన్మలో మామకు విజ్ఞానం పంచను. ఆయన బిళ్ల తగిలించుకుంటే, నేను నోటికి తాళం తగిలించుకుంటాను.