మా ఆయన పేరిట కొబ్బరిచెట్టు

పోయిన నెల ఒక ఆదివారం మా కోడలు ఆటోలో కొబ్బరి మొక్క తెచ్చి పెరట్లో దింపింది. మోకాలెత్తు మొక్క, రెండు ఆకులు విచ్చుకొని, అడుగున కాయ ఇంకా ఊడకుండా ఉంది. "అత్తమ్మా, దీన్ని పాప పేరు మీద పెడదాం. మగపిల్లల పేరు మీదనే పెట్టాలని యాడన్నా రాసి ఉందా ఏంది?" అని నవ్వుతూ చేతుల మట్టి దులుపుకుంది. నేను "వద్దు" అన్నాను. అన్నానంటే చాలదు, కేక పెట్టాను. గోడ అవతల గిన్నెలు తోముకుంటున్న పక్కింటామె లేచి నిలబడి చూసింది. గుమ్మంలో ఆడుకుంటున్న మనవరాలు బిక్కమొహం వేసింది. అంత గొంతు నాలో ఉందని నాకే తెలియదు. తల వంచి చూసుకుంటే నా చెయ్యి అప్పటికే ఆ మొక్క మొవ్వు పట్టుకొని ఉంది. ఇంకొక్క క్షణమైతే పీకేసేదాన్నే.

మా కోడలు చేసిన తప్పేమీ లేదు. కొన్ని నెలలుగా ఫోనులో పర్మాకల్చర్ అనే తరగతులు వింటోంది. ఇంట్లో ఏదీ వృథా పోకూడదు, ఒకదాని చెత్త ఇంకొకదానికి తిండి కావాలి, ఒక్క నీటిచుక్కను రెండు మూడు పనులకు వాడుకోవాలి, అదంతా అందులో చెబుతారట. గిద్దలూరులో మేముంటున్న ఈ ఇంటికి ఆమె ఒక బొమ్మ గీసి వంటింటి తలుపుకు అంటించింది. ఎండ ఎటు పడుతుంది, బట్టల మిషన్ నీళ్ళు ఎటు పోవాలి, అన్నీ బాణం గుర్తులతో ఉన్నాయి. నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి కాబట్టి ఏది చదివినా వేలు పెట్టి నెమ్మదిగా చదువుతాను. స్నానాల గది నుంచి అరటిదాకా గీసిన గీత వెంట వేలు పెట్టి పోతుంటే, ఇది నేను ఇదివరకే నడిచిన దారి అనిపించింది. మార్కాపురంలో మా అత్త పెరడు అది. బాణాలు లేవు, అంతే తేడా.

మా తాలూకాలను కర్నూలు జిల్లా నుంచి తీసి కొత్త జిల్లాలో కలిపిన రోజుల్లో నేను ఆ ఇంటికి కాపురానికి వెళ్ళాను. మా మామకు ఆ కలపడం ఒంటికి పట్టలేదు. ఏ కాగితం పని పడినా "కర్నూలుకు పోయొస్తా" అనేవాడు, వెళ్ళేది ఒంగోలుకైనా. ముందు కిరాణా దుకాణం, వెనక ఇల్లు, దాని వెనక పెరడు. మా పుట్టిల్లు వాగు ఒడ్డున ఉండేది. నీళ్ళంటే పారేవి అని తప్ప, దాచుకునేవి అని నాకు తెలియదు. అత్తవారింట మొదటి ఉదయం తడిక చాటున బండ మీద కూర్చుని తలకు కుంకుడు రుద్దుకొని చెంబెడు నీళ్ళు నెత్తిన పోసుకున్నానో లేదో, తడిక అవతల నుంచి "ఆగు! ఈ పొద్దు నిమ్మకు!" అని అరుపు వినిపించింది. ఒళ్ళంతా కుంకుడు నురగతో చెంబు పట్టుకొని అట్లాగే కూర్చుండిపోయాను. మా అత్త చెయ్యి ఒక్కటే తడిక కింది నుంచి లోపలికి వచ్చి, బండ పక్కనున్న మూడు కాలువల్లో ఒకదానికి కుక్కిన గుడ్డ తీసి ఇంకోదానికి కుక్కి, "ఇంక పోసుకో" అని వెనక్కి పోయింది. కొత్త కోడలి స్నానం నీళ్ళు ఆ రోజు దారి తప్పి కరివేపాకుకు పోబోయాయట.

ఆ ఇంట్లో ప్రతి నీటికీ ఒక చెట్టు ఉండేది. బియ్యం కడిగినవి బచ్చలికి, గిన్నెలు కడిగినవి చామకు, స్నానం నీళ్ళు ఒకరోజు నిమ్మకు, ఒకరోజు అరటికి, ఒకరోజు కరివేపాకుకు. కూరగాయల తొక్కులు అరటి మొదట్లో గుంటలోకి. ఇక పలకలు. మార్కాపురం పలకల ఊరు కదా, కార్ఖానాల బయట విరిగిన ముక్కలు గుట్టలుగా పడి ఉండేవి. మా అత్త వాటిని గంపలతో తెచ్చి ప్రతి చెట్టు పాదు మీదా పరిచేది. ఎండాకాలం మధ్యాహ్నం ఒక ముక్క ఎత్తి చూస్తే కింద మట్టి చల్లగా, తడిగా, వానపాములతో ఉండేది. వీధిలో ఆడవాళ్ళకు అదొక వేడుక. "ఏం శెట్టెమ్మా, మీ చెట్లు ఎంతవరకు చదివినాయి?" అని అడిగేవాళ్ళు. "నిమ్మ అయిదు పాసైంది. బచ్చలికి చదువు అబ్బలా" అని మా అత్త తొణక్కుండా చెప్పేది. నేను కూడా నవ్వేదాన్ని. అన్నేళ్ళు చెట్లకు పలకలు పరిచాను గానీ, నేనొక పలక పట్టుకున్నది మాత్రం వయోజన బడిలో, ఆ తర్వాత ఎప్పటికో.

ఇన్ని చెట్ల మధ్య రాజు కొబ్బరిచెట్టు. మా ఆయన పుట్టినప్పుడు మామ ఎవరితోనో సముద్రం వైపు నుంచి తెప్పించి నాటించాడు. మా వీధిలో అదొక్కటే కొబ్బరిచెట్టు. దుకాణానికి గుర్తు కూడా అదే. "కొబ్బరిచెట్టు అంగడి" అంటే చాలు, జట్కావాళ్ళు తెచ్చి దించేవాళ్ళు. కొడుకు పేరు మీద పెట్టిన చెట్టుకు దెబ్బ తగిలితే కొడుక్కు తగిలినట్టే అని ఆ ఇంట్లో అందరి నమ్మకం. మా ఆయన పుట్టినరోజున ఆయనకు బొట్టు పెట్టకముందే చెట్టుకు పసుపు, కుంకుమ పెట్టేవాళ్ళు. ఒకసారి ఆయనకు చలిజ్వరం వస్తే మందు బిళ్ళ ఆయనకిచ్చి, నేను వెళ్ళి చెట్టు చుట్టూ ప్రదక్షిణలు చేశాను. ఎవరూ చెప్పలేదు, కాళ్ళు వాటంతటవే పోయాయి.

వరసగా వానలు తప్పిన ఒక ఎండాకాలం బావిలో నీళ్ళు బురద రంగుకు వచ్చాయి. తాగే నీళ్ళు ఎద్దుల బండి మీద డ్రమ్ముల్లో వచ్చేవి. మనిషికి ఒక బకెట్ స్నానం. కూరగాయలు సంతలో కూడా కనిపించని రోజులు. ఉన్నదంతా పెరట్లో ఆకే. అది కూడా వాడిపోతోంది. మా అత్త స్నానం నీళ్ళు ఎటు మళ్ళించినా నిమ్మ ఆకులు ముడుచుకున్నవి విచ్చుకోవడం లేదు. ఒక ఉదయం ఆమె నిమ్మ పాదులో పలకలన్నీ తీసేసి గునపంతో తవ్వింది. నన్ను పిలిచి "చూడు" అంది. నిమ్మ పాదు నిండా సన్నటి ఎర్రటి వేర్లు, దువ్వెనకు చుట్టుకున్న జుట్టులాగా. నిమ్మవి కావు. కరివేపాకు దగ్గర తవ్వినా అవే. అరటి కింద కూడా అవే. అన్నీ కొబ్బరిచెట్టు నుంచి వచ్చిన వేర్లే. మనం ఎవరికి పోసినా తాగేది అదేనన్నమాట. మా అత్త గునపం పక్కన పెట్టి చాలాసేపు తల ఎత్తి చెట్టు మొవ్వు వైపు చూసింది.

ఆ మరుసటి వారం మా ఆయన సరుకు కోసం గిద్దలూరు వెళ్ళాడు, సాయంత్రం రైలుబండికి వస్తానని. మామ దుకాణంలో ఉన్నాడు. నేను వంటింట్లో జొన్నలు చెరుగుతున్నాను. పెరటి తలుపు తీసిన చప్పుడైంది. తర్వాత గొడ్డలి దెబ్బ. పక్కింట్లో కట్టెలు కొడుతున్నారనుకున్నాను. రెండో దెబ్బకు మా పైకప్పు దుమ్ము రాలింది. చేట వదిలేసి పరుగెత్తాను. అడవి కట్టె కొట్టే మనిషి ఒకడు కొబ్బరిచెట్టు మొదలు సగం దాకా తెగ్గొట్టాడు. మానుకు పసుపు పూసి ఉంది, కుంకుమ బొట్లు ఉన్నాయి. మా అత్త మొవ్వుకు కట్టిన మోకు కొస పట్టుకొని, అది ఎటు పడాలో చూపిస్తోంది. చెట్టు పెద్దగా మూలిగి, గోడ పక్కగా, బచ్చలి పందిరి మీద పడకుండా సరిగ్గా ఆమె చూపిన చోటనే పడింది. కాయలు దొర్లుకుంటూ నా కాళ్ళ దగ్గరకు వచ్చాయి.

మామ తక్కెడ రాయి చేతిలో పట్టుకొనే పరుగెత్తుకొచ్చాడు. "ఏందే ఇది? పిల్లోడి చెట్టు నరికిచ్చినావా? నీ చేతులెట్ల వచ్చినాయే?"

"పిల్లోడు తాగేది చెంబెడు. అది తాగేది ఇంటెడు" అంది మా అత్త.

"వాడు ప్రయాణంలో ఉన్నాడు! ఈ పొద్దే దొరికిందా నీకు?"

"వాడు ఇంట్లో ఉంటే నాచేత అయ్యేది కాదు."

మామ ఆ తక్కెడ రాయిని నేల మీద పెట్టి దాని పక్కనే కూలబడ్డాడు. నేను గోడ పట్టుకొని నిలబడ్డాను. నా పుస్తెలు నా చేతిలో ఎప్పుడు ఇరికాయో తెలియదు. నరికిన మొదట్లో నుంచి నీరు ఊరుతోంది. అంత కరువులో, ఊళ్ళో బావులన్నీ ఎండినప్పుడు, ఆ మొద్దు మాత్రం తడిగా మెరుస్తోంది. మా అత్త చెప్పింది నిజమేనని ఆ తడి చెబుతోంది. నిజమైతే మాత్రం ఏం చేసుకోను, నాకు అప్పుడు నిమ్మకాయలు కావాలా?

సాయంత్రం బండి టైము దాటింది. స్టేషన్ నుంచి ఊళ్ళోకి వచ్చే జట్కాలు ఒక్కటీ రాలేదు. నేను వీధి వాకిట్లో నిలబడ్డాను. ఎవరు పలకరించినా వినిపించలేదు. పట్టాలు, వంతెనలు, బండిలో కిటికీ పక్కన కూర్చుని తల వాల్చిన మా ఆయన, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ఎవరో వచ్చి నా పక్కన నిలబడ్డారు. చూస్తే మా అత్త. పొద్దుటి నుంచి ఆమె ఆకులు నరికించి బచ్చలికి నీడ కట్టించింది, పీచు పాదుల్లో పూడ్పించింది, మొవ్వు ముక్కలు చేసి వీధి పిల్లలకు పంచింది, ఎక్కడా చెయ్యి ఆగలేదు. ఇప్పుడు ఆ చేతులు కొంగు కొసకు ముడి వేస్తూ, విప్పుతూ ఉన్నాయి. నేను చూసినట్టు కనిపెట్టి, "బండి ఆలస్యమేమోలే, అంతే" అంది. నాతో అన్నదో, తనతో అనుకుందో. ఆమె నమ్మకపోబట్టి నరికిందని నేను పగలంతా అనుకున్నాను. నమ్ముతూనే నరికింది. ఆ రోజు మొత్తంలో నన్ను ఎక్కువ బెదరగొట్టింది అదే. గొడ్డలి చప్పుడు కాదు.

దీపాలు పెట్టే వేళకు జట్కా వచ్చింది. ఇంజను నీళ్ళు పట్టుకోవడానికి ఎక్కడో ఆగిపోయిందట, అక్కడా కరువే. మా ఆయన మూట దించి, ఇంటి పైకి చూసి, "ఇదేంది, మన ఇల్లేనా?" అన్నాడు. గుర్తు పోయింది కదా. పెరట్లోకి వెళ్ళి మొద్దు చుట్టూ తిరిగి, చివరికి దాని మీదే కూర్చున్నాడు. "అమ్మా, నన్ను నరికినావంట గదా. కూరైనా వండినావా?" అన్నాడు. మా అత్త నవ్వలేదు. వచ్చి ఆయన తల నుంచి కాళ్ళదాకా, సంతలో సరుకు చూసినట్టు రెండు చేతులతో తడిమి చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

మామ మాత్రం మెత్తబడలేదు. మా అత్తతో మాట మానేశాడు. అంతటితో ఊరుకోక, "నా ఒంటి మీది నీళ్ళు నీ చెట్లకు ఇయ్యను" అని కోడలినైన నాతో చెప్పి పంపి, వీధి అరుగు మీద స్నానం మొదలుపెట్టాడు. మనిషికి బకెట్ నీళ్ళు లేని రోజుల్లో నీళ్ళన్నీ వీధి దుమ్ములో కలుస్తుంటే, పోయేవాళ్ళు వచ్చేవాళ్ళు "ఏం శెట్టీ, దుమ్ముకు దాహమేసిందా?" అని ఆగి అడిగేవాళ్ళు. దుకాణానికి వచ్చినవాళ్ళు కూడా అదే మాట. ఆయన పంతం ఆయనది. మా అత్త చీల్చిన కొబ్బరి మానును దోనెలాగా తొలిపించి, స్నానాల బండ నుంచి నిమ్మదాకా పెట్టించింది. ఒక తెల్లవారుజామున నేను లేచేసరికి పెరట్లో తడిక చాటున చెంబు చప్పుడు వినిపిస్తోంది. మా ఆయన చూస్తే పక్కనే నిద్రపోతున్నాడు. మా అత్త పొయ్యి ముందు కూర్చుని, కదలకుండా, ఆ చప్పుడే వింటోంది. దోనెలో నీళ్ళు పోతున్న శబ్దం. కాసేపటికి తడిక అవతల నుంచి మామ గొంతు, ఎవరినీ ఉద్దేశించనట్టు: "ఈ పొద్దు నిమ్మకా, అరటికా?"

"నిమ్మకే" అంది మా అత్త.

ఆ ఏడు వానలు ఆలస్యంగానే పడ్డాయి. అయినా పెరట్లో ఆకుకూరకు లోటు రాలేదు. మా ఆయన డెబ్బై దాటిందాకా ఉండి, పడక మీద సుఖంగా పోయాడు. చెట్టు పోయినా చాలా కాలం ఉన్నాడు. అయినా ఆయన ఎప్పుడు తుమ్మినా నేను ఆ మొద్దు వైపు చూసేదాన్ని.

ఇదంతా ఆ ఆదివారం మొక్క పక్కనే కూర్చుని మా కోడలికి చెప్పాను. ఆమె మొక్కను గోడ నీడకు జరిపింది. తర్వాత, "ఉన్న నీళ్ళకు తగిన చెట్టే పెట్టుకోవాలని మాకు మొదటి క్లాసులోనే చెప్పినారు అత్తమ్మా. పాప పేరు అనేసరికి నాకది గుర్తే రాలా" అంది. పెరట్లో పాప పేరిట నిమ్మ పెట్టాం. కొబ్బరి మొక్కను కురిచేడులో కాలువ కిందున్న మా కోడలి అన్న పొలానికి ఇవ్వాలనుకున్నాం. నిన్న మా అబ్బాయి, మనవరాలు దాన్ని ఒళ్ళో పెట్టుకొని రైల్లో వెళ్ళారు, సాయంత్రానికే తిరిగొస్తామని.

సాయంత్రం బండి ఆలస్యమైంది. మా కోడలు ఫోను తెచ్చి, "ఇదో, బండి ఇక్కడుంది అత్తమ్మా, అరగంట లేటు" అని ఒక నీలం చుక్క చూపించింది. చూశాను. స్టేషన్ పేరు వేలు పెట్టి చదువుకున్నాను కూడా. చదివాక లేచి వాకిట్లోకి వెళ్ళి నిలబడ్డాను. కాసేపటికి మా కోడలు కూడా ఫోను లోపల పెట్టేసి వచ్చి నా పక్కన నిలబడింది. "ఆలస్యమేలే, అంతే" అన్నాను. అంటుంటే నా గొంతు నాకు మా అత్త గొంతులాగా వినిపించింది. మార్కాపురం వాకిట్లో ఆ సాయంత్రం నేను నిలబడిన చోటు నుంచి మా అత్త నిలబడిన చోటుకు ఒక్క మూరెడే దూరం. అక్కడికి రావడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.