వెనక కూర్చునే మనిషి కొలత

2022 ఎండాకాలం. జనగామలో హైదరాబాద్ రోడ్డు పక్కన నా మెకానిక్ షాపు. శని, ఆదివారాల్లో భూపాలపల్లి అడవుల వైపు పోయే కుర్రాళ్లు నా దగ్గర ఆగి, టూరింగ్ బండ్లకు హ్యాండిల్ బార్లు, రైజర్లు మార్పించుకునేవారు. రైజర్ అంటే హ్యాండిల్ కింద బిగించే లోహపు దిమ్మె. అది హ్యాండిల్‌ను పైకి లేపుతుంది. కొన్ని రకాలైతే నడిపేవాడి వైపు కూడా జరుపుతాయి. ఒక్క అంగుళంతో నడుము నొప్పి పోతుంది, అదే అంగుళం తప్పితే కొత్త నొప్పి మొదలవుతుంది. ఆ అంగుళం నా కంటికి తెలుసని నాకు కొంచెం పొగరుండేది.

ఒక మంగళవారం హర్యా నాయక్ వచ్చాడు. యాభై దాటిన మనిషి, పాలకుర్తి అవతల తండా ఆయనది. సెకండ్ హ్యాండులో కొన్న బరువైన బండి. వెంట భార్య కమిలి. ఆమెకు కిడ్నీలు పాడై వారానికి రెండుసార్లు జనగామ దవాఖానలో డయాలసిస్ చేయిస్తున్నాడు.

"తమ్మీ, కుడిచెయ్యి తిమ్మిరెక్కుతున్నది. వేళ్లు నావి కానట్టే ఉంటున్నయి. మొన్న మలుపుకాడ బ్రేకు పట్టిన్నో లేదో తెలువలే. బండి పక్కకు ఒరిగింది" అన్నాడు.

"ఆటోల తీస్కరారాదే అన్నా?"

"ఆటో కుదుపుకు వాంతులు చేసుకుంటది. మా తండాకు బస్సు లేదు. నేను తోలకపోతే ఆమెకు మిషిను లేదు, మిషిను లేకపోతే ఆమే లేదు."

నేను బండిని సెంటర్ స్టాండు వేసి ఆయనను ఎక్కించాను. కళ్లు మూసుకుని, చేతులు ఎక్కడ హాయిగా ఉంటే అక్కడ ఉంచమన్నాను. మా పనిలో అదే అసలు కొలత. హ్యాండిల్ మనిషి దగ్గరికి రావాలి గాని మనిషి హ్యాండిల్ దగ్గరికి పోకూడదు. ఎలాగూ ఇద్దరూ పోతారు కదా అని కమిలక్కను కూడా కూర్చోమన్నాను. ఆమె కొంగు సర్దుకుని, ఒకవైపుకు తిరిగి, ఆయనకు జానెడు దూరంలో కూర్చుని వెనక కడ్డీ పట్టుకుంది. ఆ లెక్కన ఒకటిన్నర అంగుళం నిటారు రైజర్లు, పైకి మాత్రమే లేపే రకం, బిగించాను. హ్యాండిల్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి, కేబుళ్లు ఎక్కడా లాగడం లేదని చూశాను. అవి పొట్టిగా ఉంటే మలుపులో ఇంజను తనంతట తానే రేసవుతుంది. మణికట్టు వంగకుండా బ్రేకు, క్లచ్ లివర్లు కిందికి దించాను. హర్యా నాయక్ బాగుందన్నాడు.

రెండు వారాలకు తిరిగొచ్చాడు. ఈసారి ఎడమచెయ్యి కూడా. నాకు చిర్రెత్తింది. నేను బిగించినది తప్పు కావడమేంటి?

"నా కొలత సక్కగనే ఉన్నదే! నువ్వు కూసునుడే తప్పు. కర్రల లెక్క చేతులు సాపుకొని తోలుతున్నట్టున్నవ్" అని పదిమంది ముందు అరిచాను.

"చేతులు సూసి డాక్టరు బండి బందువెట్టుమన్నడు తమ్మీ" అన్నాడు ఆయన మెల్లగా.

అప్పుడు స్టూలు మీద కూర్చున్న కమిలక్క తమ భాషలో ఆయనతో ఏదో అంది. ఆయన తల వంచుకున్నాడు. ఏమంటున్నదని రెండుసార్లు అడిగితే గాని చెప్పలేదు.

"గీడ మొగోళ్లు నలుగురున్నరని దూరం కూసున్నదట. తొవ్వల గట్ల కూసోదట."

ఇరవై ఏళ్ల అనుభవం ఉండి, ఒక ఆడమనిషి షాపు ముందు ఎలా కూర్చుంటుందో, బాధలో ఎలా కూర్చుంటుందో తేడా తెలియలేదు నాకు. పైగా ఆ పెద్దమనిషిని తిట్టాను. సిగ్గుతో చచ్చిపోయాను.

తరువాతి డయాలసిస్ నాడు టేపు పట్టుకుని నేనే దవాఖానకు పోయాను. నాలుగింటికి ఆమె గోడ పట్టుకుని బయటికి వచ్చింది. చుట్టూ ఎవరున్నారో చూసుకునే ఓపిక అప్పుడు లేదు. బండి మీద ఆయన వెనక కాళ్లు అటొకటి ఇటొకటి వేసి కూర్చుని, చెంప ఆయన వీపుకు ఆనించి కళ్లు మూసింది. ఆయన ఒక తువ్వాల ఇద్దరి నడుములకూ చుట్టి ముడి వేశాడు. ముందుకు వంగితే ఆమె జారుతుంది. అందుకని వీపును పలకలా నిలబెట్టాడు. దాంతో చేతులు పూర్తిగా చాపితే గాని హ్యాండిల్ అందడం లేదు. గుంత తగిలిన ప్రతిసారీ ఆ దెబ్బ నేరుగా అరచేతులకే.

"అన్నా, జర కళ్లు మూస్కో. చేతులు ఒదులు."

ఆయన చేతులు హ్యాండిల్‌కు రెండు అంగుళాలు ఇవతలే ఆగాయి.

మరునాడు నిటారు రైజర్లు తీసేసి, వెనక్కి జరిపే రకం వేశాను. కొసలు నడిపేవాడి వైపు వంగిన వెడల్పు బార్ బిగించాను. పొడవు కేబుళ్లు వేశాను. వీపు నిటారుగా ఉన్నా మోచేతులు ఇప్పుడు వంగే ఉన్నాయి. పది రోజుల తరువాత వచ్చి, పిడికిలి మూసి తెరిచి చూపించాడు. మరో పది నెలలు ఆ బండి దవాఖానకు ఒక్క రోజు కూడా తప్పలేదు.

ఆ తరువాత చాలా రోజులు కనబడలేదు. ఒక పొద్దున ఒక్కడే వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది.

"హ్యాండిలు ముందుకు జరుపు తమ్మీ," అన్నాడు. "గిట్ల కూసుంటే ఆమె ఎనకున్నట్టే అనిపిస్తున్నది. మలుపుకాడ జారుతదేమో అని మెల్లగ తిప్పుతున్న."

రైజర్లు విప్పుతుంటే నాకు ఏడుపు ఆగలేదు. ఆయన చూడకుండా భుజంతో తుడుచుకున్నాను. మొదటి నిటారు రైజర్లే మళ్లీ బిగించి ఎక్కమన్నాను.

ఎక్కాడు. చేతులు మళ్లీ పూర్తిగా చాపితే గాని హ్యాండిల్ అందలేదు. వెనక ఎవరూ లేకున్నా వీపు పలకలా నిటారుగానే నిలబడి ఉంది. ఇప్పుడు నేను ఏ బండికి కొలత తీసినా ముందు "ఎనక ఎవరు కూసుంటరు?" అని అడుగుతాను. అది నేర్పింది ఆ వీపే. దాన్ని సరిచేసే రైజర్ మాత్రం నా దగ్గర లేదు.